ఘనపదార్థాల్లో వ్యాపనం మీద ఆసక్తి ఉంటే ఏ కోర్సు?

ప్రశ్న: వాయువుల్లో వ్యాపనం (అణువులు ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి వాటంతటవే పరచుకోవడం) వేగంగా, ద్రవాల్లో నెమ్మదిగా జరుగుతుందని, ఘనపదార్థాల్లో దాదాపు ఉండదని చదివాను. నాకు ఘనపదార్థాల మీదే ఆసక్తి. అయినా కెమికల్ ఇంజినీరింగ్ తీసుకోవడం మేలా, మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో చేరవచ్చా?

జవాబు: మీరు చదివిన క్రమం సరైనదే. అయితే ‘దాదాపు ఉండదు’ అన్నది చాలా ఘనపదార్థాల విషయంలో గది ఉష్ణోగ్రత దగ్గర మాటే. ఒక సెంటీమీటరు మేర వ్యాపించడానికి వాయువులో కొన్ని సెకన్లు, నీటిలో కరిగిన చిన్న అణువులకు సుమారు సగం రోజు పడితే, 930 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇనుములోని కార్బన్‌కు నెలల కాలం పడుతుంది. వాయు అణువులు స్వేచ్ఛగా తిరుగుతూ ఢీకొంటాయి, ద్రవంలోనివి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరుగుతాయి; స్ఫటికంలోని పరమాణువు మాత్రం ఉన్నచోటనే కంపిస్తూ, పక్కన ఖాళీ స్థానం దొరికి, పొరుగువాటి నడుమ దూరేంత శక్తి కూడా చిక్కినప్పుడే అక్కడికి గెంతుతుంది. కార్బన్ వంటి చిన్న పరమాణువులకు ఆ ఖాళీతో పని లేదు. అవి సందుల్లోంచే సాగిపోతాయి.

ఆ శక్తి అవరోధం వల్లనే ఘనపదార్థంలో వ్యాపన వేగం ఉష్ణోగ్రతతోపాటు ఘాతీయంగా పెరుగుతుంది. ఉద్యోగాల సంగతి ఇక్కడే మొదలవుతుంది. ద్రవాన్ని కలియబెట్టవచ్చు, ఘనాన్ని కలపలేం. కాబట్టి ఇంజినీరు చేతిలో ప్రధానంగా ఉండేవి కొలిమి వేడి, సమయం. గేరు ఉపరితలంలోకి కార్బన్ ఎక్కించి గట్టిపరచినా, సిలికాన్‌లోకి బోరాన్, ఫాస్ఫరస్ పంపి చిప్ తయారుచేసినా, చల్లారాక ఆ పరమాణువులు ఎక్కడివక్కడే నిలిచిపోవడం వల్లనే ఆ పని నిలుస్తుంది. మీరు లోపమనుకున్న నెమ్మదితనమే ఈ పరిశ్రమలకు ఆధారమని నా అభిప్రాయం.

1855లో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ ప్రతిపాదించిన వ్యాపన సమీకరణాలు మూడు స్థితులకూ వర్తిస్తాయి గనుక రెండు కోర్సుల్లోనూ వాటిని చదువుతారు. లోతు రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు కావాలన్న లెక్క వాటి నుంచే వస్తుంది. స్వేదనం, శోషణ వంటి వేరుచేసే ప్రక్రియలు నచ్చితే కెమికల్, లోహాలు, స్ఫటిక నిర్మాణం నచ్చితే మెటీరియల్స్ తీసుకోండి. లిథియం బ్యాటరీల్లో అయాన్లు ద్రవ ఎలక్ట్రోలైట్‌లోనూ ఘన ఎలక్ట్రోడ్‌లలోనూ ప్రయాణించాలి కాబట్టి అక్కడ ఇద్దరికీ పని ఉంటుంది. ఏది తీసుకున్నా అవకలన సమీకరణాలను, ఉష్ణగతిక శాస్త్రాన్ని మొదటి ఏడాది నుంచే గట్టిగా నేర్చుకోండి. ఈ సబ్జెక్టులో వెనకబడేవారిలో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు.