లండన్ శివారు ఇంజన్ల చరిత్ర రాయబోతున్న మేనల్లుడికి

చి. శ్రీకర్‌కి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాను చదివాను. చక్రాల లెక్కన (ముందు చిన్న చక్రాలు, మధ్య నడిపే చక్రాలు, వెనక చిన్న చక్రాలు) అధ్యాయాలు పెట్టుకున్నావు: 0-4-4 ఒకటి, 0-6-2 ఒకటి, 2-6-4 ఇంకొకటి. కేటలాగుకైతే బాగానే ఉంటుంది, చరిత్రకు మాత్రం కుదరదు. ఏ లైన్లో ఏ ఇబ్బంది వస్తే ఆ ఇంజను పుట్టిందో అక్కణ్నుంచి ఎత్తుకో. చక్రాల సంగతి దానంతటదే తేలుతుంది.

అసలు ట్యాంకు ఇంజను ఎందుకో మొదటి పేజీలోనే చెప్పెయ్. నీళ్లూ బొగ్గూ వెనక తగిలించే టెండరనే వేరే పెట్టెలో కాకుండా తన ఒంటిమీదే మోస్తుంది. ఆఖరి స్టేషన్లో టర్న్‌టేబుల్ ఎక్కించి తిప్పే పని లేదు. ముందుకైనా వెనక్కైనా హాయిగా పోతుంది. బరువంతా చాలావరకు నడిపే చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టాల మీద పట్టు బాగుంటుంది. అడుగడుగునా ఆగి కదిలే బండికి కావలసింది అదే. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఆ పట్టూ తగ్గుతుందని రాయడం మర్చిపోకు. ఇంతకుమించి సిద్ధాంతం వద్దు.

తర్వాత మెట్రోపాలిటన్ రైల్వేకి రా. 1863 జనవరి 10న ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్‌డన్ దాకా భూమికింద నడిచిన లైను అది. దానికోసం 1864లో 4-4-0 ట్యాంకు ఇంజన్లు చేసిపెట్టింది నువ్వుంటున్న మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ వాళ్లే. ఆ కంపెనీ కాగితాలు మీ ఊరి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉన్నాయి. ముందుగా రాసి అనుమతి తీసుకుని వెళ్లు.

వాటిలో మిగిలిన 23వ నంబరు ఇంజను కోవెంట్ గార్డెన్‌లోని ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో ఉంది. దాని ముందు సెల్ఫీ దిగి వచ్చెయ్యకు. సిలిండర్ దగ్గర్నుంచి పక్క ట్యాంకులోకి పోయే లావుపాటి గొట్టాన్ని వెతుకు. బయట ఉన్నప్పుడు వాడేసిన ఆవిరి పొగగొట్టంలోంచి ఎగజిమ్ముతూ, గొట్టం పెట్టి పొయ్యి ఊదినట్టు మంటను రాజేస్తుంది. సొరంగంలో అలా వదిలితే జనానికి ఊపిరాడదు. అందుకని డ్రైవరు దాన్ని ఆ గొట్టంలోంచి ట్యాంకులోని చన్నీళ్లలోకి మళ్లిస్తాడు. ఆవిరి నీరవుతుంది గానీ మంటకు గాలి లాగేది లేక నిప్పు మందగిస్తుంది, ట్యాంకు నీళ్లు కాగిపోతాయి. బాయిలర్లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టరు వేడినీళ్లను సరిగా లాగదు. బొగ్గు పొగ మాత్రం ఎక్కడికీ పోదు! ఒక ఇబ్బంది తీర్చబోతే ఇంకో రెండు ఎలా పుట్టాయో చూపించావంటే ఆ అధ్యాయం నిలబడుతుంది. 1920లో ఇంజనీరు గ్రెస్లీ చేసిన ఎన్2 రకం ట్యాంకు ఇంజన్లలో చాలావాటికీ ఇదే ఏర్పాటు. కింగ్స్ క్రాస్ బళ్లు మూర్‌గేట్ దాకా భూమికింద పోవాలి కదా.

నన్నడిగితే పుస్తకానికి గుండెకాయ లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషను. 1902లో ఆ స్టేషను నడిపే గ్రేట్ ఈస్టర్న్ రైల్వే వాళ్లు డెకపాడ్ అని పది చక్రాల ఇంజను ఒకటి చేశారు. కరెంటు రైళ్లు తెస్తామన్న పోటీదారుల నోరు మూయించడానికే! 300 టన్నులపైన ఉన్న బండిని 30 సెకన్లలో గంటకు 30 మైళ్ల వేగానికి తెచ్చి చూపించారు. పోటీ ప్రతిపాదన వీగిపోయింది. ఇంజను మాత్రం జనాన్ని ఎక్కించుకుని ఒక్కరోజూ తిరగలేదు. దాని బరువుకు వంతెనలు ఆగవు మరి. 1906లో దాన్ని టెండరు ఇంజనుగా మార్చేసి, 1913లో తుక్కుకింద పంపించేశారు. దీనికి కనీసం పది పేజీలు కేటాయించు.

దాని వెంటనే అదే స్టేషనులో 1920 నాటి కథ పెట్టు. కొత్త మహా యంత్రమేదీ లేకుండా, ఉన్న చిన్న ట్యాంకు ఇంజన్లతోనే ఒక లైను మీద రద్దీవేళ గంటకు 24 బళ్లు నడిపారు. కిటుకంతా ప్లాట్‌ఫారం మీదే ఉంది. బండి వచ్చి ఆగగానే బయటి కొసకు వేరే ఇంజను తగిలిస్తారు. అది బండిని లాక్కుపోయాక, లోపల చిక్కుకున్న ఇంజను బయటికొచ్చి తర్వాతి బండికోసం కాచుకుంటుంది. ఇదంతా నాలుగు నిమిషాల్లో. పెట్టెలకు తరగతిని బట్టి మొదటి తరగతికి పసుపు, రెండో తరగతికి నీలం గీతలు పూశారు, జనం వెతుక్కోకుండా ఎక్కెయ్యడానికి. ఆ రంగులు చూసే ఈ బళ్లకు 'జాజ్' అన్న పేరొచ్చిందంటారు. ఇక్కడ ఇంజనుకంటే టైంటేబుల్ గొప్పది. పాత టైంటేబుళ్లు దొరికితే డబ్బుకు వెనకాడకుండా కొనుక్కో.

మిగతావి క్లుప్తంగా కానిచ్చెయ్. ఇంజనీరు స్ట్రౌడ్లీ 1872లో మొదలుపెట్టిన టెర్రియర్లనే బుల్లి ట్యాంకు ఇంజన్లు, 1897లో ఇంజనీరు డ్రమండ్ చేసిన ఎం7 రకం, 1934లో లండన్-టిల్బరీ లైను కోసం ఇంజనీరు స్టేనియర్ చేసిన మూడు సిలిండర్ల 2-6-4లు, ఒక్కోదానికి రెండు పేజీలు చాలు. టెర్రియర్లంటే ఇక్కడ అందరికీ ముద్దు. ఆ మురిపెంలో పడితే పుస్తకమంతా వాటితోనే నిండిపోతుంది.

యార్క్‌లోని రైల్వే మ్యూజియం ఒక్కరోజులో ముగించొచ్చు. నడిచే ఇంజను చూడాలంటే ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా మామూలు రైల్లో వెళ్లి పాత ఆవిరి ఇంజన్లు నడిపే బ్లూబెల్ రైల్వే ఎక్కు. బాయిలరు సర్టిఫికెట్ పదేళ్లకు మించి చెల్లదు కాబట్టి, నువ్వనుకున్న ఇంజను ఆ ఏడు విప్పి పెట్టి ఉండొచ్చు. ఆ రోజు ఏది నడుపుతున్నారో కనుక్కుని మరీ టికెట్ తీసుకో. ఇంజను వెనక మొదటి పెట్టెలో కూర్చుని, స్టేషన్ వదిలాక ఎన్ని సెకన్లకు వేగం అందుకుంటుందో గడియారం పెట్టి రాసుకో. లివర్‌పూల్ స్ట్రీట్ అధ్యాయం ముందు రాసి పంపు. ఫొటోల సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
మావయ్య