పనిచేస్తున్న ఇమేజ్‌నే సర్వర్‌లో పెట్టేయొచ్చా?

ఫారోలో (స్మాల్‌టాక్ కుటుంబానికి చెందిన ప్రోగ్రామింగ్ భాష) రాసిన అప్లికేషన్ మీ లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది, ఆ ఇమేజ్ ఫైల్‌నే (కోడ్, మెమరీలోని ఆబ్జెక్టులు అన్నీ కలిపి సేవ్ అయ్యే ఫైల్) సర్వర్‌కి కాపీ చేసి హెడ్‌లెస్‌గా, అంటే స్క్రీన్ లేకుండా నడిపితే సరిపోదా అని మీ ప్రశ్న. నడుస్తుంది. నేనూ కొన్ని నెలలు అలాగే చేశాను, ఒకరోజు గట్టి దెబ్బ తగిలేదాకా.

టెస్టింగ్ కోసం మెయిల్ పంపే క్లాసులో నా సొంత చిరునామాను క్లాస్ వేరియబుల్‌లో పెట్టుకున్నాను. రిలీజ్‌కి ముందు, ఆ వేరియబుల్‌కి మొదటి విలువ ఇచ్చే క్లాస్ సైడ్ ఇనిషియలైజ్ మెథడ్‌లో దాన్ని మార్చి, ఇమేజ్ సేవ్ చేసి, సర్వర్‌కి పంపేశాను. ఫారో కోడ్ బ్రౌజర్‌లో మెథడ్ మార్చినంత మాత్రాన అది రన్ కాదన్న సంగతి తట్టలేదు. కోడ్ చూస్తే కొత్త చిరునామా, మెమరీలో మాత్రం పాతదే. కస్టమర్లకి వెళ్ళాల్సిన బిల్లులన్నీ రెండు రోజులు నా ఇన్‌బాక్స్‌లో పడ్డాయి.

అప్పటి నుంచి డెవలప్‌మెంట్ ఇమేజ్ నా లాప్‌టాప్ దాటలేదు. ప్రతి రిలీజ్‌కీ స్క్రిప్టు కొత్త ఫారో ఇమేజ్ దించుకుని, కోడ్ దాచుకునే గిట్ నుంచి మెటాసెల్లో బేస్‌లైన్‌తో (ఏ ప్యాకేజీలు కావాలో చెప్పే జాబితా) కోడ్ లోడ్ చేసి, టెస్టులు నడిపి, అన్నీ పాసైతేనే సేవ్ చేస్తుంది. మొదటిసారి నడిపినప్పుడే స్ట్రింగ్ క్లాసుకి నేను చేర్చిన ఒక మెథడ్ లేదని టెస్టు ఫెయిలైంది. దాన్ని నా ప్యాకేజీ ఎక్స్‌టెన్షన్‌గా (వేరే ప్యాకేజీ క్లాసులో ఉన్నా నా ప్యాకేజీకి చెందిన మెథడ్‌గా) గుర్తు పెట్టడం మర్చిపోయాను కాబట్టి అది గిట్‌లోకి చేరనే లేదు. పాత పద్ధతిలో అయితే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

పాస్‌వర్డ్‌లు ఇమేజ్‌లో ఉంచకండి. ఇమేజ్ అంటే మెమరీకి ఫోటో లాంటిది, ఆ ఫైల్ ఎవరి చేతికొచ్చినా స్ట్రింగులు చదివేయొచ్చు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (సర్వర్‌లో ప్రోగ్రామ్ బయట పెట్టే సెట్టింగులు) నుంచి తీసుకోండి, అదీ ఇమేజ్ లేచినప్పుడు. డేటాబేస్ కనెక్షన్ల సంగతీ అంతే. సేవ్ చేసినప్పుడు తెరిచి ఉన్న సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) ఇమేజ్ మళ్ళీ లేచాక చచ్చిపోయి ఉంటుంది, అందుకే ఇమేజ్ లేవడం, ఆగడం చూసుకునే సెషన్ మేనేజర్‌లో స్టార్టప్ హ్యాండ్లర్ రాసి అక్కడ కొత్తగా తెరవాలి.

అసలు టెన్షన్ పెట్టేది ఎర్రర్లే. పట్టుకోని ఎర్రర్ వస్తే డీబగ్గర్ కనిపించని విండోగా తెరుచుకుని, ఆ ప్రాసెస్ అక్కడే ఆగిపోయి కూర్చోవచ్చు. లాగ్ ఖాళీ, యూజర్‌కి పేజీ రాదు. అందుకే అన్నిటికంటే పైన ఒక ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టి, స్టాక్‌ని (ఎర్రర్ వచ్చేదాకా ఏ మెథడ్ దేన్ని పిలిచిందో చూపే వరుస) ఫైల్‌లో రాయించండి. ఆబ్జెక్టులను ఫైల్‌గా మార్చే ఫ్యూయెల్ లైబ్రరీతో సీరియలైజ్ చేస్తే దాన్ని మీ లాప్‌టాప్ ఇమేజ్‌లో తెరిచి చూసుకోవచ్చు కూడా. నాకు ఫారో మీద ఇంత ఇష్టం ఉండటానికి ఇదొక కారణం!

లోడ్ పెరిగితే ఒక్క ఇమేజ్ సరిపోదు. స్మాల్‌టాక్ ప్రాసెస్‌లు ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్లు కావు, కోర్లు ఎన్ని ఉన్నా అన్నీ ఒక్కదాని మీదే నడుస్తాయి. నాలుగైదు ఇమేజ్‌లు వేర్వేరు పోర్టుల్లో లేపి వాటి ముందు, వచ్చిన రిక్వెస్టుల్ని పంచే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ పెట్టండి. మీది సీసైడ్ (స్మాల్‌టాక్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే యూజర్ల సెషన్లు ఇమేజ్ మెమరీలోనే ఉంటాయి, కాబట్టి ఒక యూజర్ ప్రతిసారీ అదే ఇమేజ్‌కి వెళ్ళేలా స్టికీ సెషన్స్ తప్పనిసరి.