ఇద్దరు బ్రూవర్లు కలిసి ఒకే బీరు కాచేటప్పుడు ఏం చూసుకోవాలి?

విజయవాడలో రెండు బ్రూవరీలు కలిసి గుంటూరు మిర్చి బీరు కాయాలంటే ఎవరి కెటిల్‌లో (బీరు కాచే పెద్ద పాత్రలో) అన్నది ముందు తేల్చుకోండి. లైసెన్సు బాధ్యత ఆ కెటిల్ ఉన్నవాళ్లదే. రెసిపీని కిలోల్లో కాదు, గ్రావిటీలో (ద్రవంలో చక్కెర ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత, మామూలు నీళ్లకు 1.000) రాసుకోండి. 500 లీటర్లకు 1.050 రావాలంటే ఒకరి పరికరాల్లో 110 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) చాలు, ఇంకొకరికి 120 పట్టొచ్చు.

అసలు చిక్కు చల్లార్చడంలో. ఎండాకాలం కుళాయి నీళ్లే 30 డిగ్రీలు దాటుతాయి, వాటితో వోర్ట్ (ఇంకా పులియని, కాచిన తీపి ద్రవం) 20 డిగ్రీలకి దిగదు. గ్లైకాల్ చిల్లర్ (గడ్డకట్టని ద్రవంతో చల్లబరిచే యంత్రం) తప్పనిసరి. లేకపోతే ఈస్ట్ వేడికి ఘాటు ఆల్కహాల్ వాసన పుట్టిస్తుంది.

ఎండుమిర్చి తొడిమ, గింజలు తీసి, బీరు పులిశాకే సంచిలో కట్టి అందులో వేయండి. కారం ఆల్కహాల్‌లోకి బాగా దిగి రోజురోజుకీ పెరుగుతుంది, మిర్చి నూనె నురగను చంపేస్తుంది. ముందు లీటరు బీరులో ఒక గ్రాము వేసి ఇద్దరూ రుచి చూడండి. కారం సరిపోగానే సంచి తీసేయాలి.