‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ ఎనిమిదేళ్ళ పాపకి ఇవ్వచ్చా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీ పాపకి ఎనిమిదేళ్ళు, స్నేహితురాలి దగ్గర్నుంచి ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ అనే డ్రాగన్ల కథల్లో మొదటి పుస్తకం తెచ్చుకుంది, చదివినవాళ్ళని అడిగితే ఒకళ్ళు బ్రహ్మాండం అంటున్నారు, ఇంకొకళ్ళు నెత్తురు తప్ప ఏమీ లేదంటున్నారు, ఇవ్వాలా వద్దా అని అడిగారు. ఇవ్వండి. కాకపోతే మొదటి పుస్తకం అయ్యేదాకా మీరూ పక్కన కూచోండి. నేను ఈ పుస్తకాన్ని మా వాడి చేతిలోంచి లాక్కుని బీరువాలో పెట్టేశాను. రెండు నెలలయ్యాక నేనే తీసి ఇచ్చాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఒక మాట. కొనాలనుకుంటే రచయిత్రి పేరు కూడా చెప్పి అడగండి. 1999లో వచ్చిన అబ్దుల్ కలాం గారి ఆత్మకథకీ ఇదే పేరు. నేను పేరు మాత్రమే చెప్తే షాపులో నాకు అదే ఇచ్చారు. ఈ డ్రాగన్ల పుస్తకం టుయి సదర్లాండ్ అనే ఆవిడ రాసింది. మొదటి భాగం ‘ది డ్రాగనెట్ ప్రాఫెసీ’ 2012లో వచ్చింది. 2022కల్లా పదిహేను భాగాలయ్యాయి. ఒక్కో భాగం ఒక్కో డ్రాగన్ వైపు నుంచి నడుస్తుంది. ఇంగ్లిషు తేలిగ్గానే ఉంటుంది, నాలుగో తరగతి పిల్లలు పెద్దగా తడుముకోకుండా చదివేస్తారు.

కథ రెండు ముక్కల్లో చెప్తాను. పిరియా అనే ఖండంలో ఏడు డ్రాగన్ తెగలు. ఇసుక తెగ రాణి చనిపోతే ముగ్గురు కూతుళ్ళు సింహాసనం కోసం కొట్టుకుంటూ మిగతా తెగల్లో చాలావాటిని యుద్ధంలోకి లాగుతారు. ఐదుగురు పిల్లలు పుట్టి ఈ యుద్ధాన్ని ఆపుతారని ఒక జోస్యం. ఆ జోస్యాన్ని నమ్మినవాళ్ళు ఐదు గుడ్లు తెచ్చి, కొండ కింద గుహలో దాచి, పిల్లల్ని అక్కడే పెంచుతారు. ఆ పిల్లలు బయటి ప్రపంచం చూడకుండా పెరుగుతారు. మనుషులు కూడా ఉన్నారు గానీ డ్రాగన్ల కళ్ళకి వాళ్ళు చెత్త ఏరుకు తినే చిన్న రెండుకాళ్ళ జంతువులు. మా వాడికి ఇది తెగ నచ్చేసింది.

ఇప్పుడు మీ భయం సంగతి. నెత్తురు ఉంది, లేదని నేను చెప్పను. తుఫాను రాత్రి ఒక మంచు డ్రాగన్ గుడ్డుని పట్టుకుని వస్తుంటే శత్రువులు చుట్టుముడతారు. గుడ్డుని కొండ అంచు మీంచి కిందకి వదిలేస్తారు. తెచ్చినవాణ్ణి చంపేస్తారు. ఇదంతా అసలు కథ మొదలవకముందే, తొలిపలుకులో. అది చదివే నేను పుస్తకం మూసేశాను. తర్వాత ఒక రాణి బందీల్ని గోదాలో దింపి ఒకళ్ళనొకళ్ళు చంపుకునేలా చేసి చూస్తూ కూచుంటుంది. విషం పడి ఒక డ్రాగన్ ముఖం కరిగిపోయే చోటు కూడా ఒకటుంది.

మనం వినలేదా ఇలాంటివి, అని మా ఆయన అన్నారు. నిజమే. నరసింహస్వామి గడప మీద కూచుని హిరణ్యకశిపుడి పొట్ట చీల్చి పేగులు మెళ్ళో వేసుకున్న కథ నాకు మా అమ్మమ్మ అన్నం తినిపిస్తూ చెప్పేది. నేను ఏ రాత్రీ భయపడలేదు. కానీ రెండూ ఒకటి కాదండీ. అక్కడ చచ్చేవాడు చావాల్సినవాడే అని చిన్నపిల్లకి కూడా తెలుసు. ఇక్కడ గోదాలో చచ్చేవాళ్ళు ఏ పాపమూ ఎరగనివాళ్ళు, యుద్ధంలో పట్టుబడ్డ మామూలు సైనికులు. పిల్లలకి బరువనిపించేది నెత్తురు కాదు, ఇది. మా వాడు ఒక రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. ‘ఆ డ్రాగన్ ఏం చేసిందని చంపేశారు?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ‘ఏమీ చెయ్యలేదు నాన్నా’ అన్నాను. పక్కన కూచోమన్నది ఈ ప్రశ్న వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండటానికే.

మరి బీరువాలోంచి ఎందుకు తీశానంటే, మా అక్క కూతురి వల్ల. పన్నెండేళ్ళది, డాలస్‌లో ఉంటుంది, పదిహేను భాగాలూ చదివేసింది. సెలవులకి వచ్చినప్పుడు నేను పుస్తకం దాచానని తెలిసి, ‘పిన్నీ, క్లే గుడ్డు సంగతి దాకా చదివావా?’ అంది. లేదన్నాను. ‘అది చదవకుండా ఎలా తీసేశావు?’ అంది. ఆ రాత్రి కూచుని నేనే చదివాను.

ఇది చెప్తే కథలో పెద్ద ముడి విప్పినట్టే. మీరు పెద్దవాళ్ళు కాబట్టి చెప్తున్నాను, పాపకి మాత్రం చెప్పకండి.

క్లే బురద తెగ పిల్ల. పెద్ద ఒళ్ళు, మెత్తని మనసు, ఎప్పుడూ ఆకలి. పెంచిన వాళ్ళు వాడికి చిన్నప్పట్నుంచీ ఒకే మాట చెప్తారు: నువ్వు గుడ్డులోంచి బయటికి రాగానే మిగతా గుడ్ల మీద పడి వాళ్ళని చంపబోయావు, నీలో ఒక రాక్షసుడున్నాడు. కెస్ట్రెల్ అనే శిక్షకురాలు వాణ్ణి కొట్లాటలో చితగ్గొడుతూ, ఆ రాక్షసుణ్ణి బయటికి తియ్యమంటుంది. వాడు ఎంత వెతుక్కున్నా ఆ కోపం వాడికి దొరకదు. దొరకనందుకు సిగ్గుపడతాడు, ఎప్పుడైనా బయటికొస్తుందేమోనని భయపడతాడు. చివర్లో వాడి తెగవాళ్ళు కలిశాక అసలు సంగతి తెలుస్తుంది. బురద తెగలో ముందు పుట్టిన పిల్ల తక్కిన గుడ్ల పెంకులు పగలగొట్టి తోబుట్టువుల్ని బయటికి తెస్తుంది. వాడు చేసింది అదీ. సాయం చెయ్యబోతే చంపబోయాడన్నారు.

నేను ఈ పుస్తకాన్ని రోజూ రాత్రి అన్నాల దగ్గర తెలుగులో చెప్పేదాన్ని, మా అత్తయ్య కూడా వింటారని. బురదరెక్కలు, ఇసుకరెక్కలు, వానరెక్కలు అని పేర్లు పెట్టుకున్నాం. డ్రాగన్‌కి మాత్రం తెలుగు దొరకలేదు, అత్తయ్య ‘ఆ రెక్కల మొసలి’ అనేవారు. ఆవిడ గుడివాడ దగ్గర పల్లెలో కోళ్ళు పెంచిన మనిషి. క్లే గుడ్ల మీద పడ్డాడని చెప్పగానే, ‘అయ్యో, పిల్ల తనంతట తను పెంకు పొడుచుకుని రావాలి, బయట్నుంచి పగలగొడితే చస్తుంది’ అన్నారు. మా వాడు అది పట్టుకుని క్లే చెడ్డవాడేనని తీర్మానించేశాడు. పుస్తకం చివరికి వచ్చాక అన్నం ముందు కూచుని కంచంలో చెయ్యి కదపలేదు. ‘నానమ్మా, అది కోడి. వీడు అలా కాదు’ అన్నాడు మెల్లగా. అత్తయ్య ఇంకేమీ అనలేదు, వాడి అన్నం తనే కలిపి పెట్టారు.

ఆ రాత్రి పడుకునే ముందు నన్ను అడిగాడు: ‘అమ్మా, నేను నిజంగా చెల్లిని కొట్టానా?’

మా ఇంట్లో ఒక కథ ఉంది. పాప పుట్టిన కొత్తలో, వీడికి మూడేళ్ళు, ఉయ్యాల్లో ఉన్న దాన్ని మొహం మీద కొట్టాడని. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ చుట్టాలు చేరినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు, అందరం నవ్వేవాళ్ళం, నేను కూడా. ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను. పాప ఏడుపు విని వచ్చేసరికి వీడి చెయ్యి ఉయ్యాల్లో ఉంది. అంతే నేను చూసింది. దోమని తోలుతున్నాడో, దుప్పటి తీస్తున్నాడో, కొట్టాడో నాకు తెలియదు. ‘నేను చూడలేదు నాన్నా’ అని చెప్పాను. వాడు చాలాసేపు పడుకోలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ కథ ఎవరైనా ఎత్తితే నేను ఆపేస్తున్నాను.

ఇది చదివాక నెత్తురు గురించి మాత్రమే మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించలేను. పుస్తకం నిండా ఇదే, తమ గురించి ఎవరో చెప్పిన మాట నమ్మి పెరిగే పిల్లలు. పెరిల్ అని, తనని ముట్టుకున్నవాళ్ళు కాలిపోయే ఒంటితో పుట్టిన పిల్ల ఉంది. రోజూ నల్లరాళ్ళు తినకపోతే చచ్చిపోతావని ఆ గోదా రాణి చెప్తే నమ్మి తింటుంది. అదీ అబద్ధమే. వానరెక్కలు సోమరిపోతులని అందరూ అంటారు, ఆ తెగలో పుట్టిన గ్లోరీ అది వింటూనే పెరుగుతుంది. మా అక్క కూతురికి పదిహేను భాగాల్లోనూ గ్లోరీయే ఇష్టం.

పుస్తకంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. పేర్లు మరీ ఎక్కువ, మొదట్లో ఎవరు ఏ తెగో తికమక. ముందు పేజీల్లో మ్యాపూ తెగల వివరాలూ ఉన్నాయి, అక్కడ ఒక కాగితం పెట్టుకోండి. గోదాలో చావులు జరిగాక పిల్ల డ్రాగన్లు ఇంకాస్త బాధపడాల్సిందని నాకు అనిపించింది, కథ అక్కడ ఆగకుండా పరిగెడుతుంది. మా అక్క కొడుకు ఎనిమిదేళ్ళప్పుడు గోదా దగ్గరే వదిలేశాడు, మళ్ళీ ముట్టుకోలేదు. వాడి మాట కూడా తప్పు కాదు. బొమ్మలతో గ్రాఫిక్ నవలలు కూడా వచ్చాయి గానీ, భయపడే పిల్లలకి అవి తేలికని అనుకోకండి. మాటల్లో దాటిపోయే గాయం బొమ్మలో కళ్ళముందే ఉంటుంది.

ఎనిమిదేళ్ళ పాపకైతే నేను ఇలా చేస్తాను. తొలిపలుకు వదిలేసి, గుహలో క్లేతో మొదలయ్యే ఒకటో అధ్యాయం నుంచి చదివిస్తాను. కథ అర్థమవడానికి అడ్డేమీ లేదు, తొలిపలుకు తర్వాత చదువుకోవచ్చు. గోదా వచ్చేసరికి రాత్రిపూట కాకుండా పగలు చదవమంటాను. ఆఖర్న ఇంకో చావు ఉంది, అది ముందే చెప్పి ఉంచుతాను. క్లే తన కన్నతల్లిని వెతుక్కుంటూ వెళ్ళి, ఆవిడ ఆవుల కోసం గుడ్డుని అమ్మేసిందని తెలుసుకునే చోటు మాత్రం మీరే పైకి చదివి వినిపించండి. నేను అక్కడ రెండుసార్లు ఆగాను.