సెమిస్టర్ 17.5 వారాల నుంచి 16 వారాలకు తగ్గితే పాఠం ఎక్కడ కోయాలి?

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పే అడ్జంక్ట్‌గా (పార్ట్‌టైమ్ టీచర్‌గా) మీరు అడిగింది ఇదీ: వచ్చే ఫాల్ (ఆగస్టు–డిసెంబరు సెమిస్టర్) నుంచి సెమిస్టర్ 16 వారాలే, పోయిన ఒకటిన్నర వారం సిలబస్‌ను ఎక్కడ తగ్గించాలి?

ఎక్కడా తగ్గించనక్కర్లేదు. తగ్గేది వారాలు, గంటలు కావు. మూడు యూనిట్ల లెక్చర్ క్లాసు అంటే 48 నుంచి 54 గంటలు. కోర్సు అవుట్‌లైన్‌లో రాసిన ఆ గంటలు అలాగే ఉంటాయి. వారాలు తగ్గిన మేరకు ఒక్కో క్లాసు సాగుతుంది. చిక్కంతా ఆ సాగదీతలోనే ఉంది.

ముందు నిమిషాల లెక్క. రాష్ట్రం దృష్టిలో క్లాసు గంట అంటే 50 నిమిషాలు. ఆ తర్వాత విరామం లేకుండా కొనసాగితే ప్రతి ఐదు నిమిషాలకు 0.1 గంట చొప్పున కలుస్తుంది. అంటే 75 నిమిషాల క్లాసు 1.5 గంటలు, 80 అయితే 1.6, 85 అయితే 1.7. పాత పద్ధతిలో వారానికి రెండు 75 నిమిషాల క్లాసులు, 3 గంటలు. 17.5తో హెచ్చిస్తే 52.5. 16 వారాల్లో 80 నిమిషాలు పెడితే 51.2 గంటలు, 85 పెడితే 54.4. ఈ ఐదు నిమిషాల దగ్గరే క్యాలెండర్ కమిటీల్లో అసలు తగాదా. ఎందుకంటే కాలేజీకి డబ్బు వచ్చేది ఎఫ్‌టీఈఎస్ మీద, అంటే విద్యార్థుల క్లాసు గంటల్ని ఫుల్‌టైమ్ విద్యార్థుల సంఖ్యగా మార్చిన లెక్క మీద. ఒక ఎఫ్‌టీఈఎస్ అంటే 525 గంటలు (వారానికి 15 గంటలు, 35 వారాలు). సెన్సస్ రోజున (నిధుల కోసం విద్యార్థుల్ని లెక్కించే రోజున) క్లాసులో 35 మంది ఉంటే పాత లెక్కన 3.5 ఎఫ్‌టీఈఎస్, 80 నిమిషాలకు 3.41, 85కు 3.63. ఒక్క సెక్షన్‌కు ఇది చిన్న తేడాగానే కనిపిస్తుంది, వందల సెక్షన్ల మీద వేసి చూడండి. ఇక్కడ వారపు గంటల్ని హెచ్చించే గుణకం సరిగ్గా 16 అనుకున్నాను. మీ కాలేజీకి ఛాన్సలర్ ఆఫీసు (రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల కేంద్ర కార్యాలయం) ఆమోదించిన గుణకం ఎంతో డీన్ ఆఫీసులో అడిగి అదే వాడండి.

85 నిమిషాలంటే టైమ్‌టేబుల్ గళ్లన్నీ జరుగుతాయి. 75 నిమిషాలకు 15 నిమిషాల ఖాళీతో 8:00కి మొదలుపెడితే ఐదో క్లాసు 3:15కి అయిపోయేది. 85కు పది నిమిషాల ఖాళీ ఇచ్చినా (8:00–9:25, 9:35–11:00, 11:10–12:35, అలా) అది 3:45 అవుతుంది. పైగా ఆ పది నిమిషాల్లోనే బోర్డు తుడవాలి, గుమ్మం దగ్గర ఆపే విద్యార్థికి జవాబు చెప్పాలి, పక్క బిల్డింగ్‌కు చేరాలి. వెనకావెనకే రెండు సెక్షన్లు తీసుకునేటట్టయితే రెండూ ఒకే రూమ్‌లో ఇవ్వమని ముందే అడగండి.

లెక్కల డిపార్ట్‌మెంట్‌కు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఐదు యూనిట్ల క్యాలిక్యులస్. 87.5 గంటల్ని 16తో భాగిస్తే వారానికి దాదాపు 5.5 గంటలు. రెండు రోజుల్లో చెప్పాలంటే రోజుకు 2 గంటల 25 నిమిషాలు: 50 క్లాసు, 10 విరామం, మళ్లీ ఆగకుండా 85. లెక్కకు 2.7 గంటలు. ఈ క్లాసు 8:00కి మొదలైతే 10:25కి వదులుతారు. విద్యార్థికి 9:35 గడి పోతుంది, రూమ్ 11:10 దాకా ఖాళీ. 8:35కి మొదలుపెట్టి 11:00కి ముగిస్తే ఆ తర్వాతి గళ్లు దెబ్బతినవు. షెడ్యూల్ రాసేవాళ్లకు ఇది చెప్పకపోతే పాత మొదలు సమయాన్నే ఉంచి చివర్న నిమిషాలు అతికిస్తారు. అప్పుడు ఫిజిక్స్‌కు, మీ క్లాసుకు ఢీ కొడుతుంది, ఇంజనీరింగ్ పిల్లలు మీ సెక్షన్ వదిలేస్తారు. ఇంకో మాట, చివరి భాగంలో విరామం ఇవ్వకూడదు. ఇస్తే ఆ పది నిమిషాలు గంటల లెక్కలోకి రావు.

సైన్స్ ల్యాబుల కష్టం వేరు. పాత 2 గంటల 50 నిమిషాల ల్యాబ్ 3 గంటల 10 నిమిషాలవుతుంది, గంటలు సరిపోతాయి. కానీ మైక్రోబయాలజీలో ప్లేటు మీద బ్యాక్టీరియా పెరగడానికి 24 నుంచి 48 గంటలు కావాలి, మన క్యాలెండర్ మారిందని అది తొందరపడదు. అక్కడ కావలసింది నిమిషాలు కాదు, రోజులు.

సోమవారం ఒక్కరోజే ఉండే క్లాసు దొరికితే తీసుకోకండి, నా మాట వినండి. ఫాల్‌లో లేబర్ డే పోతుంది. స్ప్రింగ్ జనవరిలోనే మొదలైతే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఎలాగూ ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే. 16లో రెండు పోతే ఎనిమిదో వంతు పాఠం పోయినట్టే. వారపు గంటల్ని గుణకంతో హెచ్చించి లెక్కకట్టే క్లాసులకు ఆ సెలవు కాలేజీ ఆదాయాన్ని తగ్గించదు కాబట్టి పైవాళ్లెవరూ పట్టించుకోరు.

సిలబస్‌కు వద్దాం. 35 క్లాసులు 32 అవుతాయి, కానీ 35×75 అంటే 2,625 నిమిషాలు, 32×85 అంటే 2,720. నిమిషాలు తగ్గకపోగా పెరిగాయి. తగ్గింది క్లాసుకు క్లాసుకు మధ్య విద్యార్థికి దొరికే తెరిపి. మూడు యూనిట్లకు ఇంటిపని 108 గంటలనుకుంటే వారానికి 6.2 నుంచి 6.75కి పెరుగుతుంది, అంటే కోర్సుకు అరగంట పైన. నాలుగు కోర్సులు, పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉన్నవాళ్లకు అదే బరువు. అందుకని పాఠ్యాంశం తీసేయకండి, పరీక్షలు తగ్గించండి: ఐదు మిడ్‌టర్మ్‌లుంటే నాలుగు చేయండి. 85 నిమిషాల్లో మొదటి 60 కొత్త పాఠం, మిగతా 25 పిల్లల చేత లెక్కలు చేయించడం. 85 నిమిషాలూ బోర్డు మీద మీరే రాస్తే చివరి అరగంట ఎవరి బుర్రకూ ఎక్కదు. ఫైనల్స్ వారం ఆ 16లో భాగమో కాదో ముందే కనుక్కోండి. భాగమైతే మీకు పాఠానికి మిగిలేది 30 క్లాసులే.

గడువులు కూడా ముందుకు జరుగుతాయి. సెన్సస్ 20 శాతం దగ్గర, అంటే మూడో వారం దాటగానే. డబ్ల్యూతో (గ్రేడు బదులు 'మానుకున్నారు' అనే గుర్తుతో) మానుకునే ఆఖరి గడువు 75 శాతం, అంటే 12వ వారం చివర. మొదటి పరీక్ష మార్కులు సెన్సస్ కంటే ముందు చేతికివ్వాలంటే రెండో వారం చివర్లోనే పరీక్ష పెట్టాలి. ఫైనాన్షియల్ ఎయిడ్‌కు ఢోకా లేదు. ఫెడరల్ నియమం ఏడాదికి 30 వారాల చదువు, మీకు 32 ఉన్నాయి. అయితే థాంక్స్‌గివింగ్‌కు వారమంతా సెలవిస్తే ఆ వారం లెక్కలోకి రాదు.

అడ్జంక్ట్‌గా మీ జీతానికి సంబంధించి ఒకటి తప్పక చూసుకోండి. పార్ట్‌టైమ్ వాళ్లకు చట్టం పెట్టిన హద్దు ఫుల్‌టైమ్ లోడ్‌లో (బోధన భారంలో) 67 శాతం. ఫుల్‌టైమ్ 15 యూనిట్లు అనుకుంటే మీ హద్దు 10.05. మూడు యూనిట్ల క్లాసులు మూడు చెబితే 9, అంటే 60 శాతం, ఇబ్బంది లేదు. కానీ ఎవరైనా పొరపాటున వారం గంటలతో లోడ్ కడితే (85 నిమిషాల క్లాసులు వారానికి రెండు, 3.4 గంటలు) 3.4×3, అంటే 10.2 అవుతుంది. హద్దు దాటిందని మూడో సెక్షన్ తీసేస్తారు. యూనిట్ల మీదే లోడ్ కడుతున్నారని కాగితం మీద రాయించుకోండి. గంటల లెక్కన జీతమైతే వారాలు తగ్గినా మొత్తం గంటలు తగ్గలేదని యూనియన్ ఒప్పందంలో ఉందేమో చూడండి.

ఇక వారాలు మిగిల్చేది ఎందుకంటే, జనవరిలో ఐదారు వారాల వింటర్ సెషన్ పెట్టుకోవడానికి. ఫాల్ గ్రేడ్లు ఆలస్యమైతే ప్రీరిక్విజిట్ (ముందే పాసవ్వాల్సిన కోర్సు) తేలక విద్యార్థిని వింటర్ క్లాసులోంచి సిస్టమే తీసేస్తుంది. ఫైనల్ అయిన మూడు రోజుల్లో గ్రేడ్లు ఎక్కించేలా పేపర్ చిన్నదిగా తయారుచేసుకోండి.