సమాధానం: 10 జీఈవీ కింద ఎలక్ట్రాన్లు ఎందుకు ఎక్కువ కనిపిస్తున్నాయి
హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్‌తో కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి వచ్చే అధిక శక్తి కణాల) ఎలక్ట్రాన్లను కొలిస్తే, 10 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలమానం) లోపు అవి అంచనాకు మించి వచ్చాయని, డిటెక్టర్ లోపమా అని మీరు అడిగారు. కారణం అది కాకపోవచ్చు. ఆ ఎలక్ట్రాన్లు చాలావరకు అంతరిక్షం నుంచి నేరుగా వచ్చిన ప్రాథమిక ఎలక్ట్రాన్లు కావు; బెలూన్ పైన మిగిలిన గాలిలో కాస్మిక్ కిరణాలు పుట్టించిన ద్వితీయ ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్లుగా పొరబడే వీలున్న ప్రోటాన్లను మీరు సరిగానే వేరుచేశారు.

చాలామంది వదిలేసేది భూ అయస్కాంత క్షేత్రపు అడ్డుకట్టను. హైదరాబాద్‌లోనూ, దాదాపు అంతే మన వరంగల్‌లోనూ, నిట్టనిలువుగా వచ్చే కణానికి అది సుమారు 17 జీవీ (గిగావోల్టులు; ఎలక్ట్రాన్ విషయంలో ఇది దాదాపు 17 జీఈవీ శక్తికి సమానం) కనుక, అంతకన్నా బాగా తక్కువ శక్తి గల ప్రాథమిక ఎలక్ట్రాన్ ఇక్కడికి చేరడం సాధ్యం కాదు. ఆ తక్కువ శక్తి భాగాన్ని ప్రాథమిక వర్ణపటంలో (ఏ శక్తికి ఎన్ని ప్రాథమిక ఎలక్ట్రాన్లో చూపే పట్టీలో) కలపనే కూడదు.

1. ఆ అడ్డుకట్టకు మించిన శక్తుల ఎలక్ట్రాన్ల లెక్కను, బెలూన్ ఎక్కేటప్పటి వాతావరణ లోతును (పైన ఉన్న గాలి మందాన్ని) బట్టి గీసి, సున్నా లోతు వరకు పొడిగించండి.
2. ఏటవాలు కణాలకు లోతును నిట్టనిలువు నుంచి అవి వంగిన కోణపు కొసైన్‌తో భాగించండి. చదరపు సెంటీమీటరుకు 5 గ్రాముల గాలి దాటేసరికే ఎలక్ట్రాన్ సగటున 13 శాతం శక్తి కోల్పోతుంది కాబట్టి ఆ సవరణ కూడా చేయండి.