చెక్కపని – ప్రశ్నలూ జవాబులూ: మూడు చక్రాల బండి విడిపోతోందా?

ప్రశ్న: మాస్టారూ, మా మూడేళ్ల అబ్బాయి కోసం 18 మి.మీ. ప్లైవుడ్‌తో మూడు చక్రాల బండి చేశాను. మరమేకులు లేకుండా, పలకలకు గాడులు కోసి ఒకదానిలో ఒకటి దిగేలా అమర్చాను. నిలువుగా పొడవాటి వెన్నుపలక ఒకటి. సీటు కింద ఒక అడ్డపలక, వెనుక ఇంకో అడ్డపలక. రెండింటినీ పైనుంచి వెన్నుపలక గాడుల్లోకి దించాను. వెనుక అడ్డపలక రెండు చివర్లా ఇరుసు పట్టుకునే చెవిపలకలు ఉన్నాయి. మొదటి వారం బాగుంది. తర్వాత కిర్రుమనడం మొదలైంది. ఇప్పుడు అబ్బాయి కూర్చోగానే వెనుక అడ్డపలక గాడిలోంచి పైకి లేస్తోంది. జిగురు పోస్తే రెండు రోజులు ఆగింది. 25 మి.మీ. పలకతో మళ్లీ చేయమంటారా?

జవాబు: వద్దు. బండి బరువెక్కుతుంది, పలక మాత్రం అలాగే లేస్తుంది. లోపం మందంలో లేదు, గాడి నోరు ఏ వైపు తెరిచారన్న దానిలో ఉంది.

అబ్బాయి కూర్చున్నాడనుకోండి. బరువు సీటు నుంచి వెన్నుపలకకు దిగుతుంది. వెన్నుపలక దాన్ని వెనుక అడ్డపలకకు అప్పగించాలి. ఆ పలక చెవుల మీద, చెవులు ఇరుసు మీద, ఇరుసు చక్రాల మీద, చక్రాలు నేల మీద ఉన్నాయి. నేల కిందికి పోదు కదా! అంటే వెన్నుపలక కిందికి దిగాలని చూస్తుంటే అడ్డపలక ఉన్నచోటే నిలబడుతుంది. మీరేమో అడ్డపలకను పైనుంచి దించారు. పైనుంచి దిగింది పైకే ఊడుతుంది. కూర్చున్న ప్రతిసారీ మీ అబ్బాయి తన బరువుతో తానే ఆ అతుకును విప్పుతున్నాడు. పాపం, జిగురు మాత్రం ఎన్నాళ్లు ఆపుతుంది?

బరువు ఇచ్చే పలక పైనుంచి దిగాలి, పుచ్చుకునే పలక కింద ఉండాలి. ఇంతకు మించి సూత్రం లేదు. వెనుక భాగంలో బరువు ఇచ్చేది వెన్నుపలక. కాబట్టి దాని గాడి కిందికి తెరుచుకోవాలి, అడ్డపలక గాడి పైకి తెరుచుకోవాలి. చెవుల దగ్గరా అంతే. అక్కడ అడ్డపలక ఇచ్చేది, చెవులు పుచ్చుకునేవి. చెవి గాడి పైకి చూడాలి. ఇక సీటు కింది అడ్డపలకలో మీరు చేసింది సరైనదే. అది సీటు బరువును వెన్నుపలక మీద పెడుతోంది కనుక పైనుంచే దిగాలి. అందులో ఇంకో లాభం కూడా ఉంది. ముందూ వెనుకా ఆనుకుని ఉన్న వెన్నుపలక బరువుకు నడుమ దగ్గర వంగుతుంది. వంగినప్పుడు కింది అంచు సాగుతుంది, పై అంచు నొక్కుకుంటుంది. గాడి పై అంచులో ఉంటే, అందులో దిగిన పలకనే అది గట్టిగా కరుచుకుంటుంది. అదే గాడి నడుమ కింది అంచులో ఉంటే అక్కడి నుంచే చీలుతుంది.

కాబట్టి వెన్నుపలక, వెనుక అడ్డపలక రెండూ కొత్తవి కోయక తప్పదు. చెవుల గాడులు పైకే ఉంటే వాటిని ఉంచుకోండి. సీటు, దాని కింది పలక పనికొస్తాయి. పాత వెన్నుపలకను పారేయకండి, దాంతో ఇప్పుడే పని ఉంది.

మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చిన మాట ఇంకొకటి ఉంది: ఆ కిర్రు. గాడి వెడల్పు సరిగ్గా 18 మి.మీ. కోసి ఉంటారు. 18 అని చెప్పి అమ్మే పలక 18 ఉండడం అరుదు. నా బల్ల మీద ఇప్పుడున్న పలకను వెర్నియర్‌తో (మిల్లీమీటరులో పదో వంతు కూడా చూపే కొలత పరికరం) కొలిస్తే ఒక మూల 17.4, ఇంకో మూల 17.6 వచ్చింది. 18 గాడిలో అది అర మిల్లీమీటరు ఆడుతుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, గాడిలో అంత ఆట ఉంటే చక్రం దగ్గర కంటికి కనిపించేంత ఊగుతుంది. ఊగిన కొద్దీ గాడి అంచు నలుగుతుంది, ఆట ఇంకా పెరుగుతుంది.

అందుకే పాత వెన్నుపలక ముక్క తీసుకుని దాని అంచున వరుసగా ఐదు గాడులు కోయండి: 17.3, 17.4, 17.5, 17.6, 17.7. కొత్త పలక ముక్కను ఒక్కొక్కదానిలో దించి చూడండి. అరచేత్తో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారిపడకూడదు. అదీ మీ కొలత. సుత్తి దెబ్బతో గానీ దిగని గాడిని చూసి మురిసిపోకండి, ఆ దెబ్బకు ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. గాడి లోపలి రెండు మూలల్లో ముందే 6 మి.మీ. రంధ్రాలు వేసి, ఆ తర్వాత రంపం పెట్టండి. ఉలితో పదునుగా చెక్కిన మూల నుంచే పగులు బయలుదేరుతుంది, గుండ్రటి మూల దగ్గర దానికి పట్టు దొరకదు. వార్నిష్ వేసేటప్పుడు గాడుల లోపల కాగితపు టేపు అంటించండి. లేకపోతే వార్నిష్ మందం కలిసి పలక దిగదు, దిగినా జిగురు పట్టదు.

జిగురు వద్దనడం లేదు. పిల్లలు సీటు పట్టుకుని బండిని ఎత్తుతారు, మెట్ల మీద ఈడుస్తారు. అప్పుడు అతుకు విడిపోకుండా ప్రతి మూలలోనూ ఒక చిన్న చెక్క దిమ్మను జిగురుతో అతికించండి. ఆ మాత్రం పని జిగురు హాయిగా చేస్తుంది. అబ్బాయి బరువు మోసే పని మాత్రం దానికి అప్పగించకండి.

ప్రశ్న: మా మనవడి చెక్క బండి గట్టిగానే ఉంది గానీ మలుపు తిప్పితే పక్కకు ఒరిగిపోతోంది. వెనుక చక్రాల మధ్య దూరం 40 సెం.మీ. ముందు చక్రం ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు 45 సెం.మీ. సీటు మధ్య భాగం వెనుక ఇరుసుకు 20 సెం.మీ. ముందుంది. చక్రాలు బరువుగా ఉన్నవి వేస్తే నిలుస్తుందా, మాస్టారూ?

జవాబు: కొలతలు పంపినందుకు ధన్యవాదాలమ్మా. చాలామంది “బండి పడిపోతోంది” అని మాత్రం రాసి ఊరుకుంటారు.

మూడు చక్రాలూ నేలను తాకే చోట్లు సుద్దముక్కతో గుర్తు పెట్టి గీతలతో కలపండి. త్రిభుజం వస్తుంది. మనవడి బరువు ఆ త్రిభుజంలో ఉన్నంతసేపే బండి నిలుస్తుంది. నాలుగు చక్రాల బండికి ఎక్కడైనా ఒకటే వెడల్పు. దీనికి వెనుక వెడల్పు, ముందుకు వెళ్లేకొద్దీ ఇరుకు. మీ సీటు ఉన్నచోట ఆ త్రిభుజం మధ్యగీత నుంచి ఒక్కో పక్కకు 11 సెం.మీ. మాత్రమే ఉంది. సీటును వెనక్కి జరిపి ఇరుసుకు 8 సెం.మీ. ముందు పెట్టండి, అదే 16 దాటుతుంది. వెనుక చక్రాల దూరం 50 చేశారంటే 20 దాటుతుంది. చక్రాల బరువుతో పనే లేదు. అయితే వెనక్కి జరపమన్నాను కదా అని సీటును ఇరుసు మీదికే తీసుకెళ్లకండి, వెనక్కి వాలితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది.

సీటు ఎత్తు కూడా తగ్గించండి. బరువు ఎంత పైన ఉంటే ఒరగడం అంత తేలిక. చెప్పులు వేసుకుని నిలబడ్డప్పుడు మనవడి కాళ్ల సందు నుంచి నేల వరకు ఎంత ఉందో కొలిచి, రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి సీటు పెట్టండి. పాదం మొత్తం నేలకు ఆనాలి.

హ్యాండిల్ ఎంతవరకు తిరుగుతుందో మీరు రాయలేదు. నేను చేసిన మొదటి బండిలో దానికి అడ్డు పెట్టలేదు. మా మనవరాలు జోరుగా వస్తూ హ్యాండిల్ పూర్తిగా తిప్పేసింది. ముందు చక్రం అడ్డంగా నిలిచిపోయింది, బండి ఆగింది, పిల్ల ఆగలేదు. గడ్డం కింద రెండు కుట్లు పడ్డాయి. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది, ఆ మచ్చ చూపించి నన్ను ఆటపట్టిస్తుంది. ఆ రాత్రే కూర్చుని హ్యాండిల్ కర్రకు రెండు పక్కలా చెక్క దిమ్మలు బిగించాను. ఒక్కో వైపు 35 డిగ్రీలు దాటి తిరగనివ్వకండి. ఆ దిమ్మ దగ్గర వేలు నలిగే సందు ఉండకూడదు. కదిలే భాగాల మధ్య సందు 5 మి.మీ. కన్నా తక్కువైనా ఉండాలి, 12 మి.మీ. కన్నా ఎక్కువైనా ఉండాలి. ఆ రెంటి మధ్యలో ఉంటే చిన్న వేలు దూరుతుంది గానీ నలగకుండా బయటికి రాదు.

మనవణ్ని ఎక్కించే ముందు ఒక పరీక్ష చేయండి. బొమ్మల భద్రతా పరీక్షల్లో ఇలాంటి బండిని బరువు పెట్టి 10 డిగ్రీల వాలు మీద అడ్డంగా నిలబెడతారు. మీటరు పొడవు పలకను ఒక చివర 18 సెం.మీ. ఎత్తితే దాదాపు ఆ వాలు వస్తుంది. సీటుకు ఇసుక సంచీ కట్టి నిలబెట్టండి. సంచీ సీటు మీద పరుచుకున్నట్టు కాకుండా, కూర్చున్న పిల్లవాడంత ఎత్తుగా ఉండాలి. లేకపోతే ఎలాంటి బండి అయినా పరీక్ష నెగ్గేస్తుంది.

ప్రశ్న: హ్యాండిల్ కర్ర ముందుకూ వెనక్కూ ఊగుతోంది. రంధ్రం పెద్దదైపోయింది. ఏం చేయాలి?

జవాబు: కర్రను ఒకే పలక పట్టుకుని ఉంటే ఊగక ఏం చేస్తుంది? తలుపుకు ఒక్క బందు వేసి వేలాడదీస్తామా? పైన ఒక పలక, కింద ఒక పలక పెట్టండి, వాటి మధ్య కనీసం 12 సెం.మీ. దూరం ఉంచండి. రెండు రంధ్రాల్లోనూ ఇత్తడి లేదా నైలాన్ బుష్ (కర్ర తిరగడానికి రంధ్రంలో బిగించే చిన్న గొట్టం) దిగగొట్టండి. ప్లైవుడ్‌లో ఇనుము నేరుగా తిరిగితే గుండ్రటి రంధ్రం నెలలోపే కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. చక్రాలకూ ఇదే జవాబు.

ప్రశ్న: ముందు చక్రానికి పెడళ్లు పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు, నేను పెట్టను. పెడల్ తొక్కే బలమంతా ఇరుసు నుంచి చక్రానికి ఒక్క చిన్న రంధ్రం గుండానే వెళ్లాలి. మేకు దిగ్గొట్టి ఆపితే ఆ రంధ్రం చుట్టూ చెక్క నుజ్జవుతుంది. తప్పదంటే ఇరుసుకు గుండ్రటి ఇనుప బిళ్లను వెల్డింగ్ చేయించి, దాన్ని నాలుగు బోల్టులతో చక్రానికి బిగించండి. పిల్లవాడికి మూడేళ్ల లోపు అయితే కాళ్లతో నేలను తన్నుకుంటూ వెళ్లనివ్వండి. ఆ వయసు వాళ్లు పెడళ్లున్నా అలాగే వెళ్తారు, పైగా అవి వాళ్ల పిక్కలకు కొట్టుకుంటాయి.